రెక్కకి అటువైపు

నా దగ్గర కుట్టు నేర్చుకున్న అమ్మాయిలు బజారులోనో బస్సులోనో కనబడితే తరచూ ఒకటే అడుగుతారు. "మేడమ్, మీరు కుట్టినవాటిలో అన్నిటికన్నా కష్టమైంది ఏది?" పెళ్ళికూతురి జాకెట్టు అంటానని వాళ్ళ ఊహ. జాకెట్టు కష్టమే, కాదనను. కొలత ఇచ్చిన రోజుకీ పెళ్ళిరోజుకీ మధ్య పిల్ల ఒళ్ళు చేస్తుంది, ఆ నేరం మన కత్తెర మీద పడుతుంది. అందుకని నవ్వేసి అదే చెప్తూ వచ్చాను. ఇప్పుడు రిటైరయ్యాను. మోకాళ్ళు మిషను తొక్కనివ్వడం లేదు. అమ్మాయిలూ, అసలు జవాబు మీకోసం రాసి పెడదామనిపించింది.

నేను కుట్టినవాటిలో కష్టమైంది ఒక విమానం రెక్క.

మాది అరసవల్లి. ఇంట్లో తరాలుగా దేవుడి సేవ, సంగీతం. మా నాన్నగారికి నా చేతిలో వీణ చూడాలని ఉండేది. నా చేతికి సూది నచ్చింది. శ్రీకాకుళంలో ఆడపిల్లలకి కుట్టుపని నేర్పే ఒక శిక్షణ కేంద్రంలో చేరి, తల నెరిసేదాకా అక్కడే పనిచేశాను. నా పాఠం మీకు గుర్తుండే ఉంటుంది. కుట్టు వంకర పోతే పోయిందని ఒప్పుకో, విప్పు, మళ్ళీ కుట్టు. విప్పమన్నందుకు మీలో ఎంతమంది నన్ను తిట్టుకున్నారో నాకు తెలుసు.

ఒక మధ్యాహ్నం పిల్లలు కాజాలు కుడుతుంటే ఇద్దరు మగవాళ్ళు గుమ్మం దగ్గర చెప్పులు విప్పి నిలబడ్డారు. ఒకాయన నాకు తెలుసు, నా దవడపన్ను పీకిన డాక్టరు. రెండో ఆయన సన్నగా, నిటారుగా ఉన్నాడు. చంకలో తెల్లటి గుడ్డ చుట్ట.

"టీచర్ గారూ, ఈ గుడ్డ మీద మీ మిషను నడుస్తాదేటండి?" అన్నాడాయన.

వేళ్ళ మధ్య నలిపి చూశాను. పాలియెస్టరే, కానీ నేను ఎన్నడూ చూడనంత గట్టి నేత. "ఏం గుడ్డండీ ఇది? గొడుగులకా?"

"రెక్కకండి."

"ఏ నాటకం వేస్తున్నారు?"

పిల్లలు కిసుక్కుమన్నారు. ఆయన నవ్వలేదు. "నాటకం కాదమ్మా. ఎగరడానికే."

ఆయన నేవీలో విమానాల మరమ్మతు పని చేసి పదవీ విరమణ పొందాడు. నరసన్నపేట దాటాక సముద్రం వైపు పోయే దారిలో ఆయన ఊరు. కాస్త వరిపొలం, ఇల్లు. ఊళ్ళో అందరూ నేవీబాబు అనేవారు, నేనూ అలాగే రాస్తాను. డాక్టరు కుర్రతనంలో ఎక్కడో దూరాన విమానం నడపడం నేర్చుకుని లైసెన్సు కూడా తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నాక మన జిల్లాలో దాన్ని ఏం చేసుకోవాలో తెలియక పళ్ళు పీకుతున్నాడు. ఆయన ఆసుపత్రి గోడ మీద చిన్న విమానం బొమ్మ ఒకటి ఉండేది. నేవీబాబు పంటినొప్పితో వెళ్ళి, నోరు తెరుచుకుని కుర్చీలో పడుకుని, మాట్లాడ్డానికి లేక ఆ బొమ్మ వైపు వేలు చూపించాడట. పన్ను పది నిమిషాల్లో ఊడింది, కబుర్లు సాయంత్రం దాకా సాగాయి. ఆ కబుర్లలోనే ఈ పని మొదలైంది.

ఇలాంటివాళ్ళు దేశంలో ఇంకా ఉన్నారని అప్పుడే తెలిసింది నాకు. ఎవరో తయారుచేసిన నమూనా చిత్రాలు కొనుక్కుని, గొడ్లసావిట్లోనో కారుషెడ్డులోనో ఏళ్ళ తరబడి కూర్చుని సొంతంగా చిన్న విమానాలు కట్టుకుంటారు. ఫోన్లో వీళ్ళందరికీ ఒక గ్రూపు. ఒకడి బోల్టు వదులైతే నలుగురు నాలుగు రాష్ట్రాల నుంచి సలహా చెప్తారు. "అన్నీ మేమే సేసుకున్నాం గానీ టీచర్ గారూ, కుట్టు దగ్గర మా పని అయిపోయినాది," అన్నాడు నేవీబాబు.

ఒప్పుకోకూడదని ఇంటిదగ్గర అందరూ అన్నారు. ఆదివారం నాడు బస్సెక్కాను.

మూతపడిన రైసుమిల్లు షెడ్డులో ఉంది అది. ఇనుప గొట్టాల ఒళ్ళు, చెక్క పక్కటెముకలు, మనిషి పట్టే రెండు గూళ్ళు. పెద్ద పక్షిని ఎవరో శుభ్రంగా తిని ఎముకలు వదిలేసినట్టుంది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే వెనకనుంచి గొంతు వినిపించింది.

"రండి టీచరమ్మా. ఈళ్ళ పిచ్చికి మీరొక్కరే తక్కువయ్యేరు."

టీ గ్లాసులతో నిలబడ్డ ఆవిడ నేవీబాబు భార్య. బలమైన చేతులు, నుదుట పెద్ద బొట్టు. నేను వరస కలిపి వదినా అన్నాను. ఆవిడ ముందు బిడియపడి, తరవాత నన్నూ ఒదినా అనడం మొదలుపెట్టింది. పిల్లాజెల్లా లేరు. ఆయన నేవీలో ఉన్నన్నాళ్ళూ పొలం ఆవిడే చూసుకుంది. తోడుకి దగ్గర్లోనే ఉండే తమ్ముడు, అతనికో ట్రాక్టరు.

గుడ్డ కత్తిరించడం, అతుకులు కుట్టడం నాకు తెలిసిన పనే. జిగురుతో ఎముకలకి అంటించాక ఇస్త్రీపెట్టె వేడితో నెమ్మదిగా బిగించాలి. వేడి ఎక్కువైతే గుడ్డ పాడవుతుంది, తక్కువైతే వదులుగా ఉండిపోతుంది. సరిగ్గా బిగిశాక నేవీబాబు వేలి కణుపుతో కొట్టి చూశాడు. డప్పులా మోగింది. ఆ ముసలాయన మొహంలో నవ్వు చూడటం అదే మొదటిసారి నాకు.

అసలు కష్టం ఆ తరవాతిది. గాలికి గుడ్డ ఎముకని వదిలి పైకి లేవకుండా, మైనం పట్టించిన దారంతో ప్రతి ఎముక పొడుగునా కుట్టెయ్యాలి. రెక్కని నిలువుగా నిలబెడతారు. పైగుడ్డ వైపు ఒకరు, కిందిగుడ్డ వైపు ఒకరు కూర్చోవాలి. ఇటునుంచి ఒకరు పొడుగాటి సూది గుచ్చి తోస్తే అటు కూర్చున్నవాళ్ళు అందుకుని, ముడి బిగించి, తిరిగి గుచ్చి పంపాలి. మనిషికి మనిషి కనపడరు. అటు చేతికీ ఇటు చేతికీ లెక్క కుదరాలి.

డాక్టరు కూర్చున్నాడు. ప్రతి దారాన్నీ పన్ను పీకినట్టు లాగాడు. తమ్ముడు కూర్చున్నాడు, సూది వంచేశాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న వదిన ఇక ఉండలేకపోయింది.

"అలాగేటి కుట్టడం? మిల్లులో బస్తా మూతి కుట్టినోలు కూడా అంతకన్నా బాగా కుడతారు."

"అయితే నువ్వు కూకో," అన్నాడు నేవీబాబు.

"కూకుంటాను. దబ్బనం పట్టుకుని ఎన్ని బస్తాలు కుట్టలేదు నేను? గానీ ఒక మాట. నువ్వు దీన్లో ఎక్కి ఎగరనని సెప్పు."

"నడిపేది డాక్టరు కదే."

"డాక్టరు సంగతి నాకు తెల్దు. నీ సంగతి సెప్పు."

ఆయన రెక్క వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. "ఎగరను."

"నా మీద ఒట్టెయ్యి."

"నీ మీద ఒట్టు. నేల మీదే ఉంటాను. సరేనా?"

ఆవిడ కొంగు బిగించి రెక్కకి అటువైపు కూర్చుంది. ఎండాకాలం వచ్చేదాకా ఆదివారాలన్నీ మేమిద్దరం అలా గడిపాం. మొదట్లో వదిన ముడులు కొంచెం పక్కకి పోయేవి. నేను విప్పించేదాన్ని. "ఓలమ్మో, ఎంత కఠినం ఒదినా నువ్వు," అని గొణుగుతూ విప్పేది. తరవాత నాకన్నా బాగా కుట్టింది. అడ్డంగా గుడ్డ ఉండటం వల్లేమో, మొహం చూసి చెప్పుకోని మాటలు ఆవిడ ఆ గుడ్డతో చెప్పుకునేది. "నేవీవోలకి ఇచ్చినన్నాళ్ళు ఇచ్చేనొదినా ఈయన్ని. జొరమొచ్చినా నేనే, పాము దూరినా నేనే. ఇంకెవులికీ ఇవ్వను." మాట వెంటే సూది నా వైపు వచ్చేది.

నేవీబాబు తక్కువ మాట్లాడేవాడు. ఒకసారి దారానికి మైనం రాస్తూ నాతో అన్నాడు. "విమానం దిగి వచ్చిన కుర్రోడు నా బుజం తట్టి, బాగుంది అని ఎల్లిపోయీవోడండి. ఏటి బాగుందో నాకు తెల్దు. నట్లు బిగించింది నేను, మబ్బులు సూసింది ఆడు."

"మిమ్మల్ని ఒక్కసారైనా ఎక్కించలేదా?"

"ఎక్కించేరండి. ఎనకాల, సామాన్ల మజ్జిన. కిటికీ లేదు."

విమానం తయారైంది. రెక్కలు రెండూ బిగించి, తోక చివర పలకకి ఎర్రగుడ్డ అంచు కుట్టమన్నాడు నేవీబాబు. నడిపేవాడు కర్ర వెనక్కి లాగితే ఆ పలక పైకి తిరుగుతుంది, ముక్కు లేస్తుంది. ఎర్రగా ఉంటే దూరం నుంచి కూడా కనిపిస్తుందని. ఎగరేయడానికి ప్రభుత్వ అనుమతి మాత్రం రాలేదు. పంపిన కాగితాలు ఏదో ఒక కొర్రీతో తిరిగొస్తూనే ఉన్నాయి. అనుమతి లేకుండా నేల వదలకూడదు. నేల మీద పరిగెత్తించి చూసుకుందాం, అంతే, అన్నాడు డాక్టరు. అది కూడా తనే చేస్తానన్నాడు.

సముద్రం ఒడ్డున సాగు వదిలేసిన ఉప్పుమళ్ళు ఉన్నాయి. ఎండాకాలంలో ఆ నేల సిమెంటు చేసినట్టు గట్టిపడుతుంది. రెక్కలు ఊడదీసి ట్రాక్టరు మీద తీసుకెళ్ళి అక్కడ బిగించారు. నన్ను కూడా రమ్మన్నారు. వదిన రాలేదు. "ఎండలో అది సూడ్డానికి నేనెందుకు? చింతపండు కొట్టుకోవాల," అంది.

నేను గాలి చూపించే గుడ్డగొట్టం ఒకటి కుట్టి తీసుకెళ్ళాను. పొడవాటి గడకి కట్టి, పరుగుదారి మధ్యలో గట్టు మీద పాతారు. దాని పక్కనే గొడుగు వేసుకుని నిలబడ్డాను. డాక్టరు ఫోను చేశాడు, ఎవరో బుగ్గ వాచిపోయి ఏడుస్తూ వచ్చారని, చూసి బయల్దేరతానని. ఇంజను వేడి చేసి ఉంచమన్నాడు.

నేవీబాబు ఎక్కి కూర్చున్నాడు. "వేడి సేత్తూ ఒకసారి అటు తిప్పి తెస్తాను," అన్నాడు బామ్మర్దితో.

"బావా, డాక్టర్ని రానీ."

"నేల మీద తిప్పడానికి డాక్టరెందుకురా. నువ్వు ట్రాక్టరు తిప్పుతన్నావు కాదా?"

ఒకసారి నెమ్మదిగా వెళ్ళి వచ్చింది. రెండోసారి జోరుగా వెళ్ళింది, తోక నేల వదిలి తిన్నగా నిలిచింది. వెనక్కి తిరిగి వచ్చి నా దగ్గర ఆపాడు. ఇంజను చప్పుడు మీదుగా గట్టిగా అన్నాడు. "టీచర్ గారూ, గుడ్డ కిమ్మనలేదండి! డప్పులాగే ఉన్నాది!" తలెత్తి గడ వంక చూశాడు. నేను కుట్టిన గొట్టం తడిసిన తువ్వాలులా వేలాడుతోంది. "గాలి కూడా లేదు. మంచి రోజు," అని బండి తిప్పుకుని దారి మొదటికి వెళ్ళాడు.

మూడోసారి వచ్చినప్పుడు తోక లేచింది, ఒళ్ళు తిన్నగా ఉంది, నా ముందుకి వచ్చింది. నా కళ్ళెదురుగా ఎర్ర అంచు పైకి తిరిగింది. చక్రాలకీ నేలకీ మధ్య వెలుగు కనిపించింది. అంతే. గట్టు దాటి, తాటిచెట్ల తలలు దాటి లేచిపోయింది.

అటు దూరంలో తమ్ముడు చేతులూపుతూ పరిగెడుతున్నాడు. నేను కదల్లేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు భయం వెయ్యలేదు. విమానం సముద్రం వైపు వెళ్ళి, వంపు తిరిగి, మా నెత్తి మీదుగా వెనక్కి వచ్చింది. రెక్కల కిందివైపు మొత్తం కనిపించింది. వదిన కుట్టిన వైపు. కుట్ల వరసలన్నీ తీగ లాగినట్టున్నాయి. పైనుంచి ఒక అరుపు వినిపించింది. ఏం అరిచాడో తెలియలేదు.

దిగడానికి మళ్ళీ వంపు తిరిగాడు. ఆ వంపు మరీ చిన్నది చేశాడని తరవాత డాక్టరు చెప్పాడు, ఆ జోరుకి అంత చిన్న వంపు రెక్క మొయ్యదట. నాకు కనిపించిందల్లా, ఒక రెక్క వాలింది, ముక్కు కిందికి తిరిగింది. చప్పుడు నేను అనుకున్నంత పెద్దది కాదు. బస్తా అటక మీంచి పడినట్టు.

మేం చేరేసరికి ఊపిరి ఉంది. తమ్ముడు ఆయన తల ఒళ్ళో పెట్టుకుని "బావా, బావా" అంటున్నాడు. అంబులెన్సు ఉప్పుమళ్ళలోకి రాలేకపోయింది. తమ్ముడి కేకలకి వచ్చిన ఊరివాళ్ళు తలుపుచెక్క మీద పడుకోబెట్టి రోడ్డుదాకా మోసుకొచ్చారు. నరసన్నపేట చేరకముందే పోయాడు.

వదిన ఆటోలో ఆసుపత్రికి వచ్చింది. చేతులకి చింతపండు అలాగే ఉంది. "ఏటయినాదిరా?" అని తమ్ముణ్ణి పట్టుకుంది. వాడు గోడకి ఆనుకుని ఏడుస్తున్నాడు.

"గాలి లేపేసినాదే అక్కా. పెద్ద గాలి."

వదిన నా వంక చూసింది. నేను తల దించుకున్నాను. చీకటి పడేసరికి ఊరంతా అదే మాట. నేల మీద తిప్పుతుంటే సముద్రం గాలి ఒక్కసారి లేపి కొట్టేసింది. అయ్యో, ఎంత జాగ్రత్త మనిషి.

విచారణకి పైనుంచి అధికారులు వస్తున్నారని తెలిసిన రోజు డాక్టరు మా ఇంటికి వచ్చాడు. గడ్డం పెరిగి, మనిషి సగం అయిపోయాడు.

"మేడమ్, గాలి వచ్చిందనే చెప్పండి. అనుమతి లేకుండా, లైసెన్సు లేకుండా కావాలని ఎగిరాడని రాస్తే పోయినాయన పేరు పాడవుతుంది. ఆవిడకి ఒట్టేశాడు. ఒట్టు తప్పాడని తెలిస్తే ఆవిడ తట్టుకుంటుందా?"

"మీకేం కాదా?"

"నాకూ అవుతుంది. అది కూడా ఉంది, దాచను." కుర్చీలో ముందుకి వంగి మొహం కప్పుకున్నాడు. "ఆ పన్ను రేపు చూస్తానని చెప్పి వచ్చేసి ఉంటే బాగుండేది."

ఆయన మీద నాకు కోపం రాలేదు. సరే అనాలనే అనుకున్నాను. గాలి అంటే ఎవరికి నష్టం? గాలి మీద కేసు పెట్టరు.

వచ్చినవాళ్ళు ఇద్దరు. ముక్కలన్నీ మిల్లు షెడ్డులో పరిచి ఉన్నాయి. అందులో పెద్దాయన మెత్తగా మాట్లాడాడు. విరిగిన రెక్క మీద గుడ్డని వేలితో తడుముతూ, "ఈ కుట్లు మీవేనా?" అని అడిగాడు.

"పైవైపు నావి."

"కిందివైపు?"

"ఆయన భార్యవి."

ఆయన వంగి ఆ కుట్లని మళ్ళీ దగ్గరగా చూశాడు. "ఒక్క కుట్టు ఊడలేదు," అన్నాడు. తరవాత అడిగాడు, ఆరోజు గాలి ఉందా అని.

నేను జవాబు చెప్పకుండా ఎదురు అడిగాను. "బాబూ, మనిషి పోయాడు. గాలి ఉందో లేదో ఇప్పుడెందుకు?"

"ఇదే నమూనాతో ఇంకా కొందరు కడుతున్నారమ్మా. గాలికే లేచిపోయే బండి అయితే దాన్ని వాళ్ళు మార్చుకోవాలి. బండి మంచిదే, లేపింది మనిషి అయితే, వాళ్ళు తమని తాము కట్టేసుకోవాలి. రెండూ వేరు వేరు జాగ్రత్తలు."

తప్పు ఒప్పుకోమని మీకు పాఠాలు చెప్పిన నోటితో ఏం చెప్పగలను? గుడ్డగొట్టం వేలాడుతూ ఉందని చెప్పాను. ఎర్ర అంచు పైకి తిరగడం చూశానని చెప్పాను. పక్కన తమ్ముడు నేలని చూస్తూ నిలబడ్డాడు, నన్ను కాదనలేదు. బయటికి వచ్చాక మాత్రం, "టీచరమ్మా, మా అక్క ఇంట్లో ఇంక దీపం ఎలగదు," అన్నాడు.

ఆ తరవాత కొన్నాళ్ళకి, కర్మకాండ అంతా అయ్యాక, వదిన ఒక్కతే బస్సులో మా ఇంటికి వచ్చింది. బొట్టు లేని ఆ నుదురు చూడలేకపోయాను. లోపలికి రమ్మంటే వచ్చి, మంచినీళ్ళిస్తే పక్కన పెట్టి, కింద కూర్చుంది.

"అందరూ గాలంటన్నారొదినా. తమ్ముడు గాలంటాడు. డాక్టరు గాలంటాడు. నేను అడిగినప్పుడల్లా ఒకొక్కడు ఒకొక్కలాగ సెప్తన్నాడు గాలి గురించి. ఒకడు తూరుపు గాలంటాడు, ఒకడు సుడిగాలంటాడు. నువ్వయితే వంకర కుట్టుని వంకరంటావు. నువ్వు సెప్పు. గాలే లేపినాదా, ఆయనే లేపేడా?"

తప్పించుకోవడానికి ఆలోచన రాకపోలేదు. కానీ ఆ షెడ్డులో అన్ని వారాలు విప్పించినదాన్ని. ఆవిడ కళ్ళు నన్ను వదల్లేదు.

"ఆయనే లేపారు వదినా."

"నువ్వు సూసేవా?"

"చూశాను."

"ఎంతసేపున్నాడు పైన?"

"కొంచెంసేపే. మా మీదుగా ఒకసారి తిరిగారు."

"బయపడ్డాడా?"

"అరిచారు. భయమో సంతోషమో తెలియదు వదినా. నిజంగా తెలియదు."

వీధిలో గుడికెళ్ళే ఆటోలు హారన్లు కొడుతున్నాయి. ఆవిడ తన అరచేతుల్ని తిప్పి చూసుకుంది, వాటికేదో అంటుకున్నట్టు. "ఎగరనంటేనే కదా నేను కుట్టేను," అంది మెల్లగా. "ఎగరనన్నాడనే కదా, ఊడకుండా కుట్టేను."

ఆవిడ లేచి చెప్పులు వేసుకుంది. గేటు దాకా వెళ్ళి, చెయ్యి గేటు మీద పెట్టి వెనక్కి తిరిగింది.

"నువ్వయినా గాలని సెప్పలేకపోయేవా, ఒదినా?"

వెళ్ళిపోయింది. తాకని మంచినీళ్ళ గ్లాసు సాయంత్రం దాకా తీయలేకపోయాను.

విచారణ ముగిసింది. లైసెన్సు లేని మనిషి అనుమతి లేకుండా నడిపాడని తేల్చారు. డాక్టర్ని పిలిపించి గట్టిగా హెచ్చరించి వదిలేశారు. ఆయన ఇక విమానాల జోలికి పోలేదు. గోడ మీద బొమ్మ తీసేసి పళ్ళు తోముకునే పద్ధతి చూపించే బొమ్మ పెట్టాడు. కానీ ఒక పని చేశాడు. ఫోను గ్రూపులో ఉన్నవాళ్ళందరికీ జరిగింది జరిగినట్టు చెప్పాడు, మా మొదటి అబద్ధంతో సహా. ఎక్కడో ఒకాయన తన విమానం తాళంచెవిని లైసెన్సున్న స్నేహితుడి ఇంట్లో పెట్టాడట. ఆ మాట డాక్టరు నాతో చెప్పినప్పుడు ఇద్దరం తృప్తి పడాలని చూశాం. పూర్తిగా పడలేకపోయాం.

ఊళ్ళో మాత్రం విచారణ కాగితాలు ఎవరూ చదవలేదు. అక్కడ ఇప్పటికీ గాలే. వదిన కూడా అదే చెప్తుందని విన్నాను. నేను కబుర్లు పంపితే జవాబు రాలేదు. ఒకసారి వెళ్ళాను, ఇంట్లో ఉండి కూడా లేనని చెప్పించింది. తలుపు వెనక గాజుల్లేని చెయ్యి గడియ పట్టుకోవడం నాకు కనిపించింది. మరి వెళ్ళలేదు.

సత్యం చెప్పినందుకు నేను పశ్చాత్తాపపడుతున్నానా అని మీరు అడగొచ్చు. ఆ అధికారి ముందు చెప్పినదానికి లేదు. మా ఇంట్లో, కింద కూర్చున్న ఆ మనిషి ముందు చెప్పినదానికి మాత్రం ఏళ్ళు గడిచినా జవాబు దొరకలేదు. వంకర కుట్టుని విప్పితే గుడ్డ మిగులుతుంది. ఆరోజు నేను విప్పాక ఆవిడకి ఏం మిగిలిందో నాకు తెలియదు.

కిందటి ఎండాకాలం ఎవరిదో పెళ్ళి చూసుకుని వస్తూ నరసన్నపేట బస్సు కాంప్లెక్సులో శ్రీకాకుళం బస్సు కోసం నిలబడ్డాను. జనం విపరీతంగా ఉన్నారు. రెండు చేతుల్లో సంచులు. ఎదురుగా నలుగురైదుగురు ఆడవాళ్ళ మధ్య వదిన ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసింది, మొహం తిప్పుకుంటుందనుకున్నాను. తిప్పుకోలేదు. ఆవిడ పక్కన కొత్తగా కాపరానికొచ్చిన పిల్లలా ఉంది ఒకమ్మాయి, తమ్ముడి కోడలట.

"ఈవిడేనా అత్తా, రెక్కలు కుట్టిన టీచరమ్మ?" అంది ఆ పిల్ల ఉత్సాహంగా. నా దగ్గరకొచ్చి, "మీరు ఆరోజు అక్కడే ఉన్నారట కదండీ. మా మావ్వోలు సెప్తారు, అంత గాలి ఎప్పుడూ సూళ్ళేదని. నిజవేనాండి? అంత గాలేసినాదా?" అంది.

మిగతావాళ్ళు కూడా మాటలాపి ఇటు తిరిగారు. వదిన నా మొహంలోకి చూస్తోంది. బతిమాలడం లేదు, బెదిరించడం లేదు. ఆరోజు మా ఇంట్లో కింద కూర్చుని చూసినట్టే చూస్తోంది.

"అవునమ్మా," అన్నాను. "చాలా పెద్ద గాలి. ఆయన చేతిలో ఏమీ లేదు."

ఆ పిల్ల నాలిక చప్పరించి, "పాపం," అంది. బస్సొచ్చింది. జనం తలుపు మీద పడ్డారు. నేను వెనకబడ్డాను. వదిన నా చేతిలోంచి ఒక సంచి లాక్కుని, కిటికీలోంచి లోపలికి దూర్చి సీటు మీద పడేసింది.

"ఎక్కు ఒదినా," అంది. "అంత దూరం నిలబడి ఎల్తావేటి."